నీటి లోతును బట్టి పిట్ట

శీతకాలంలో పిట్టలను చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలని మా వైపు ఎవరిని అడిగినా కోరింగ మడ అడవి పేరో, కొల్లేటి ఒడ్డున ఉన్న ఆటపాక పేరో చెబుతారు. రెండూ చూడదగ్గవే, కాదనను. కానీ గోదావరి డెల్టాలో మార్గశిరం నుంచి మాఘం దాకా నాకు ఎక్కువ ఇష్టమైన చోటు అభయారణ్యం కాదు, వరిచేలు. టిక్కెట్టు, పడవ, గైడు ఏవీ అక్కర్లేకుండా ముమ్మిడివరం దాటాక కాట్రేనికోన వైపు పోయే ఏదో ఒక పంటకాలవ గట్టెక్కి, మంచు విడిచే వేళకు నడక మొదలుపెట్టి, ఎండ చురుక్కుమనేసరికి వెనక్కి తిరిగే మనిషికి కొంగ మొదలుకొని సైబీరియా నుంచి వచ్చిన పిట్ట దాకా అన్నీ దారిలోనే కనిపిస్తాయి.

ఈ నడకలో నేను పిట్టను వెతకను, నీటి లోతును వెతుకుతాను. నీటి ఒడ్డున బతికే పిట్టలలో ఏది ఎక్కడ నిలబడుతుందన్నది చాలావరకు దాని కాళ్ళ పొడుగు, ముక్కు పొడుగు నిర్ణయిస్తాయి. కురచ ముక్కు ప్లవర్ తడి ఆరీ ఆరని మట్టి మీద పరుగెత్తి పురుగును ఏరుకుంటుంది. ఇంగ్లీషులో శాండ్‌పైపర్ అనే ఉల్లంకి పిట్టకు వేలెడు నీళ్ళు చాలు. పొడుగుకాళ్ళ ఉల్లంకి జానెడు నీళ్ళలోనూ పొట్ట తడవకుండా తిరుగుతుంది. నారాయణపక్షి మోకాలి లోతులో కదలకుండా నిలబడి చేప కోసం చూస్తుంది. నీటికాకికి మునిగి ఈదేటంత లోతు కావాలి. ఒకే చెరువులో ఈ లోతులన్నీ దొరకడం అరుదు. సార్వా అనే వానాకాలపు వరి కోతకూ, దాళ్వా అనే రెండో పంట నాట్లకూ మధ్య వచ్చే కొద్ది వారాల్లో మాత్రం మా చేలల్లో ఇవన్నీ పక్కపక్కనే ఉంటాయి, ఎందుకంటే ఒక రైతు కోత ముగించి పనలు ఆరబెట్టుకుంటుంటే, పక్క రైతు నీరు పెట్టుకుంటుంటాడు, ఆ పక్కాయన నీళ్ళు నిలిపిన మడిని బురదగా కలియదున్నే దమ్ము చేయిస్తుంటాడు, నాలుగో ఆయన అప్పటికే నాట్లు వేయించి నిశ్చింతగా ఉంటాడు.

ఈ ఏర్పాటంతా కాలవలది. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో తర్వాత వచ్చిన బ్యారేజీ, అక్కడి నుంచి చీలిపోయిన కాలవలు, పిల్లకాలవలు, బోదెలు కలిసి గోదావరి పాయలైన గౌతమికీ వశిష్ఠకూ మధ్యనున్న ఈ నేలకు రెండో పంటను ఇచ్చాయి. దాళ్వా లేకపోతే పుష్యమాసంలో ఈ చేలు ఎండి బీటలు వారి ఉండేవి. ఉత్తరాది చలికి తట్టుకోలేక దిగివచ్చే పిట్టలకు సరిగ్గా ఆ నెలల్లోనే ఇక్కడ తడి నేల దొరకడం మనిషి చేసిన పని వల్ల కలిగినదే, ఆ పని చేసినవాళ్ళ లెక్కలో పిట్టలు లేకపోయినా సరే.

ధనుర్మాసంలో తెల్లవారుజామున బయలుదేరడం పెద్దగా ఉపయోగం లేని శ్రమ. పొగమంచులో పది అడుగుల అవతల కొబ్బరిచెట్టు మొదలు కూడా కనిపించదు, దుర్భిణి అద్దాల మీద తేమ పట్టి తుడుచుకోవడంతోనే సరిపోతుంది. అయితే చెవులకు పని ఉంటుంది. దూరంగా హరిదాసు చిడతల మోత, గుడి మైకులో తిరుప్పావై, వాటి నడుమ జెముడుకాకి గొంతులోంచి బుడబుడమని వచ్చే లోతైన కూత, ఎక్కడో నేల మీంచి లేచిన తీతువు పిట్ట అరుపు వినిపిస్తాయి. తీతువు రాత్రి కూస్తే చెడు జరుగుతుందని మా ఇళ్ళలో ఇప్పటికీ అనుకుంటారు. అది నేల మీదే గూడు పెట్టి, నేల మీదే తిరిగే పిట్ట కనుక, చీకట్లో నక్కో కుక్కో మనిషో దగ్గరికొస్తే అరవక తప్పదు. చెడు జరగబోయేది ఎవరికైనా ఉంటే ముందు దాని గుడ్లకే.

మంచు విడిచాక మొదట తేటపడేవి కరెంటు తీగలు. ఒక్కో తీగ మీద ఒక్కో రకం వరస కడుతుంది. తోక రెండుగా చీలిన స్వాలో పిట్టలు వందల కొద్దీ పక్కపక్కన కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుంటాయి. వాటికి కాస్త ఎడంగా పసులపోలిగాడు, ఆకుపచ్చ పసరికపిట్టలు, కాలవ మీదికి వంగిన తీగ మీద లకుముకి. పాలపిట్ట మాత్రం ఎప్పుడూ ఒంటరే. కూర్చున్నప్పుడు మట్టిరంగు పిట్టలా ఉండి, ఎగిరిన మరుక్షణం రెక్కల్లోని నీలాలు రెండూ విప్పే ఈ పిట్ట ఉమ్మడి రాష్ట్రంలో రాష్ట్ర పక్షి. 2018లో ఆంధ్రప్రదేశ్ ఆ హోదాను రామచిలుకకు ఇచ్చింది. రామచిలుక మీద నాకేమీ కోపం లేదు గానీ, వరి కంకుల మీద గుంపుగా వాలే చిలుకలను చూసి రైతు పళ్ళు నూరడమూ, చేలో పురుగులను ఏరి తినే పాలపిట్ట తీగ మీద నుంచి ఆ తమాషా చూడడమూ గమనించినప్పుడల్లా ఆ నిర్ణయం తీసుకున్నవారు ఒకసారి చేలగట్లకు వచ్చి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

కోసి ఆరిన చేను చూడడానికి ఖాళీగా ఉంటుంది, నిజానికి ఖాళీ కాదు. కోతకు రెండు మూడు రోజుల ముందే తడి నేలలో మినుములు చల్లే అలవాటు డెల్టాలో ఉంది. వరి కోసేసరికి మినుము మొలకెత్తి ఉంటుంది. దాళ్వా వేయని చేలల్లో ఈ మోళ్ళూ మొలకలూ కలిసిన నేల మీద, రాలిన గింజల కోసం జీనువాయి పిట్టలు గుంపులుగా దిగుతాయి. వీటికి రాత్రి బస కూడా దగ్గర్లోనే ఉంటుంది. గట్టు మీది తాడిచెట్ల మట్టల చివర వేలాడే గిజిగాడి గూళ్ళు ఈ రుతువులో ఖాళీ. వానాకాలంలో పసుపు పచ్చని తలతో గూడు అల్లి ఆడపిట్టను పిలిచిన మగ గిజిగాడు ఆ రంగు రాల్చుకుని, ఇప్పుడు ఆడపిచ్చుకలా మారిపోయి గుంపులో కలిసి తిరుగుతుంటే, వదిలేసిన అల్లికల్లో జీనువాయిలు దూరి నిద్రపోతాయి. ఇదే చేను మీద ఒక్కొక్కప్పుడు గులాబీ గోరింకల గుంపు మేఘంలా కమ్ముకుని, దిగి, మళ్ళీ లేస్తుంది. మధ్య ఆసియా గడ్డిభూముల్లో పిల్లలను లేపి, చలికాలానికి మన దేశమంతా పరుచుకునే ఈ పిట్టలు తిన్నంత తిని, సాయంత్రానికి ఏ జమ్ముపొదల్లోనో చేరి చేసే గోల చాలా దూరం వినిపిస్తుంది.

ఎలుకల సంగతి కూడా ఈ చేలల్లోనే తెలుస్తుంది. గట్టు మీద తవ్విపోసిన కొత్త మట్టి కుప్పలు, వాటి పక్కన రైతు పెట్టిన ఎలుకబుట్టలు, చేను మధ్యలో పాతిన కర్ర, ఆ కర్ర కింద తెల్లని రెట్టలు కనిపిస్తే రాత్రి అక్కడ గుడ్లగూబ కాపలా కాసిందని అర్థం. పగలు ఆ పని తెల్లని ఒళ్ళు, నల్లని భుజాలు, ఎర్రని కళ్ళు ఉన్న ఒక చిన్న గద్ద చేస్తుంది. అది గాలిలో ఒకే చోట రెక్కలు కొట్టుకుంటూ నిలిచి, కాళ్ళు వేలాడేసి, మెట్లు దిగినట్టు కొంచెం కొంచెంగా కిందికి దిగుతుంది. మరో గద్ద, శీతకాలపు అతిథి మార్ష్ హారియర్, చేలకు మనిషెత్తున తేలుతూ వెళ్తుంది. అది వస్తున్నప్పుడు నేల మీద ఏ పిట్టా నిలవదు. దుర్భిణితో దూరంగా వెతకడం కంటే, పిట్టల గుంపు అకారణంగా లేచిన చోట దాని వెనక ఏముందా అని చూడడమే గద్దలను కనిపెట్టే సులువైన పద్ధతి.

అసలు సందడి దమ్ము చేసే చేలో ఉంటుంది. ఇనుప చక్రాల ట్రాక్టరు నీళ్ళు నిలిపిన మడిలో దిగి బురదను కలియదిప్పుతుంటే, ఆ చక్రాల వెనక కప్పలు, చిమ్మటలు, వానపాములు, చిన్న చేపలు ఒక్కసారిగా పైకి తేలతాయి. అక్కడికి చేరే పిట్టల్లో ఒక క్రమం ఉంది. పశువుల వెంట తిరిగే చిన్న తెల్లకొంగలు చక్రానికి బారెడు దూరంలోకి కూడా వచ్చేస్తాయి. పెద్ద కొంగలు కాస్త వెనక ఉంటాయి. గుడ్డికొంగ గట్టు దిగదు, తన దగ్గరికి కొట్టుకొచ్చినదాన్నే అందుకుంటుంది. తోక ఆడిస్తూ తిరిగే కాటుకపిట్టలు ట్రాక్టరు దాటిపోయిన బురద అంచుల్ని సొంతం చేసుకుంటాయి. వీటన్నిటి తల మీద రేవుపిట్టలు గుండ్రంగా తిరుగుతూ, నీటి మీదికి వంగి ముక్కుతో అందుకుని మళ్ళీ పైకి లేస్తాయి. ఎరుపు రెక్కలు, తెల్లని తల ఉన్న గరుడపక్షి చివరలో వచ్చి, ఒకే ఒక్క ఊపులో పెద్ద కప్పను కాళ్ళతో ఎత్తుకుపోతుంది. ఈ డెల్టాలోనే పారే ఒక నదీపాయకు ఆ గరుడుడి పేరే ఉంది గనక, వైనతేయ ఒడ్డు చేలల్లో దానికి అంతమాత్రం హక్కు ఉండవలసిందే.

ఒక పొద్దున ఇలాంటి మడి గట్టు మీద నిలబడి చూస్తుంటే ఆ చేను రైతు దగ్గరికి వచ్చాడు.

“ఏమండీ మాస్టారూ, మా కొంగల్ని లెక్కెట్టేత్తన్నారా?”

“లెక్కపెట్టడం కాదండి, చూస్తున్నానంతే.”

“చూడండి, చూడండి. ఆటికి మా ట్రాక్టరు మోత తెలుసండి. ఇంజను స్టార్టు చేసేలోపే గట్టు మీదికొచ్చి కూకుంటాయి. పక్క చేలో ట్రాక్టరాగితే ఇటొచ్చేత్తాయి. ఆయ్.”

“అన్నీ మీవేనా, కొత్తవి కూడా వస్తాయా?”

“ఈ తెల్లయి మాయేనండి, ఏడాదంతా ఇక్కడే. అదుగో, ఆ గోధుమరంగుయి మాత్రం దీపావళెల్లాకొత్తాయి, ఉగాదికి ఎల్లిపోతాయి. ఎక్కడికెళ్తాయో మరి మీరే చెప్పాలండి.”

ఆయన చూపించిన గోధుమరంగు పిట్టలు దమ్ము చేసి, చదును చేసి, నాటు కోసం వదిలిన పక్క మడిలో ఉన్నాయి. ఈ మడి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. దమ్ము పూర్తయ్యాక బురద పేరుకునేందుకు మడిని ఒకటి రెండు రోజులు వదిలేస్తారు. నీరు వేలెడు లోతులో, అద్దంలా చదునుగా ఉంటుంది. మొక్క లేదు, చాటు లేదు, ఏ దిక్కు నుంచి ఏది వచ్చినా ముందే కనిపిస్తుంది, బురదలో పురుగులకు కొరత లేదు. ఉల్లంకి జాతి పిట్టలకు ఇంతకంటే కావలసింది ఏముంది? వెన్ను మీద తెల్లని చుక్కలు, పసుపుపచ్చ కాళ్ళు, కంటి మీద తెల్లని గీత ఉండి, అదిరిపడినప్పుడు “చిఫ్ చిఫ్ చిఫ్” అంటూ లేచేది అడవి ఉల్లంకి. దానిలాగే ఉండి, వెన్ను మరింత నల్లగా, ఎగిరినప్పుడు రెక్కల అడుగు కూడా నల్లగా, తోక మొదలు మాత్రం మెరిసేటంత తెల్లగా కనిపించేది పచ్చ ఉల్లంకి. మొదటిది గుంపును ఇష్టపడుతుంది, రెండోది ఒంటరిగా బోదె మలుపుల్లో ఉంటుంది. రంగుల కంటే ఈ స్వభావమే దూరం నుంచి ఎక్కువ పనికొస్తుంది.

ఆ మడిలోనే గట్టుకు ఆనుకుని, నీరు తగ్గి మట్టి తేలిన చోట, ఒకే దిక్కుకు తిరిగి కదలకుండా నిలబడే పిట్టలు పసిఫిక్ గోల్డెన్ ప్లవర్లు. ఎండిన మట్టిగడ్డల మధ్య వాటిని చూడగలగడానికి కొంత ఓపిక కావాలి. మొదట ఒకటి కనిపిస్తుంది, అది నాలుగడుగులు పరుగెత్తి ఆగుతుంది, అప్పుడు దాని పక్కన ఇంకొకటి, ఆ తర్వాత చూపు అలవాటు పడి ముప్పయ్యో నలభయ్యో బయటపడతాయి. గాలికి ఎదురుగా నిలబడితే ఈకలు చెదరవు గనక అన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి. ఉత్తర సైబీరియాలోనూ అలాస్కాలోనూ చెట్టు మొలవని మంచు మైదానాల్లో గుడ్లు పెట్టే పిట్ట ఇది. అక్కడ ఎండాకాలంలో దీని ముఖమూ రొమ్మూ నల్లగా నిగనిగలాడతాయి. మా చేలకు వచ్చేసరికి ఆ నలుపంతా పోయి పసుపు చుక్కల మట్టిరంగు మిగులుతుంది. ఫాల్గుణంలో, బయలుదేరేముందు, కొన్నిటి రొమ్ము మీద నలుపు మచ్చలు మచ్చలుగా తిరిగి రావడం మొదలవుతుంది. రైతు అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు చెప్పాను. ఆయన నమ్మినట్టు లేదు. “అంత దూరం మా బురద కోసమేనాండి?” అని నవ్వాడు.

నత్తగుల్ల కొంగల మాట కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అవి వచ్చేది ఇలాంటి మడికే, కాకపోతే నీరు ఇంకాస్త లోతు ఉన్నప్పుడు. బూడిదరంగు తెలుపు, నల్లని రెక్కలు, మూసినా మధ్యలో సందు మిగిలే ముక్కు. ఆ సందును చూసి, నత్తను అడకత్తెరలో పెట్టినట్టు నలిపి తింటుందని చాలామంది చెబుతారు. దగ్గరి నుంచి చూస్తే అలా జరగదు. నత్తను నీటి అడుగున నేలకు అదిమిపట్టి, కింది ముక్కు కొనను గుల్ల మూత కిందుగా లోపలికి దూర్చి, గుల్లను పట్టి ఉంచిన కండరాన్ని కోసి, మెత్తని ఒంటిని చాలావరకు గుల్ల పగలకుండానే బయటికి లాగేస్తుంది. అది వెళ్ళిన తర్వాత గట్టు మీద మిగిలిన గుల్లలను ఏరి చూస్తే చాలా భాగం నిండుగా ఉంటాయి. ముక్కులోని ఆ సందు పుట్టుకతో వచ్చేది కాదు, పిల్లలకు ముక్కు నేరుగానే ఉండి, పెరిగేకొద్దీ వంపు తిరుగుతుంది. నాటిన లేత వరిని నత్తలు కొరికేస్తాయి గనక ఈ కొంగల మీద రైతులకు సదభిప్రాయమే. నారుమడిలో అడుగుపెట్టి మొక్క తొక్కినప్పుడు మాత్రం అదిలిస్తారు.

చేల నీరంతా చివరికి మురుగుకాలవలోకి చేరుతుంది. పంటకాలవ గట్టు శుభ్రంగా, కొబ్బరిచెట్ల నీడతో, వంగపండు పిట్టల ఈలలతో హాయిగా ఉంటుంది. మురుగుకాలవ గట్టు తుమ్మ, జిల్లేడు, సర్కారు తుమ్మల మధ్య నడవవలసిన దారి. కానీ గుర్రపుడెక్క, జమ్ము కమ్ముకున్న ఆ నిలవనీటిలోనే నీలబొల్లికోళ్ళు, జమ్ముకోళ్ళు, తేలే ఆకుల మీద పొడుగు వేళ్ళు పరిచి నడిచే జకానాలు ఉంటాయి. వానాకాలంలో పొడుగాటి తోకతో ఊరేగే జకానా శీతకాలంలో ఆ తోకను రాల్చి అనామకంగా తిరుగుతుంది. నలుపు తెలుపు లకుముకి గాలిలో నిలబడి, కింద చేపను గురి చూసి, నిలువునా పడుతుంది. నీటి ఒడ్డున ఎండ కాగుతున్న ఉడుము మన అడుగుల చప్పుడుకు తోకను చివరి క్షణంలో మాత్రమే లోపలికి లాక్కుని పొదలో దూరుతుంది.

నీరుకుక్కలు కనిపించేదీ ఇక్కడే, కనిపిస్తే. కనిపించకపోయినా వాటి జాడ ఉంటుంది. తూము గోడల మీదా, గట్టు మలుపుల మీదా అవి ఒకే చోట పదే పదే విసర్జిస్తాయి. చేప పొలుసులు, పీత డొక్కులు నిండిన ఆ కుప్ప వాసన దానిదే, పచ్చిచేప కుళ్ళిన వాసనకు కాస్త వేరుగా ఉంటుంది. తడిమట్టిలో వేళ్ళ మధ్య పొర గుర్తు తేటగా పడిన అడుగు దొరికితే సందేహం అక్కర్లేదు. కుటుంబంగా వేటాడే జంతువు కనుక ఒక తల నీటిపైకి లేస్తే ఇంకా రెండు మూడు లేస్తాయి, మనల్ని చూసి ఒకసారి గురక పెట్టినట్టు ఊపిరి వదిలి అన్నీ మునిగిపోతాయి. వలలు చింపుతాయని జాలర్లకు వాటి మీద కోపం ఉంది, ఆ కోపంలో న్యాయం లేదని నేను అనలేను.

బలుసుతిప్ప దారి పట్టినకొద్దీ వరి సన్నగిల్లి, నీళ్ళలో ఉప్పు పెరిగి, మడ మొదలవుతుంది. చేలల్లో నీటి లోతును రైతు నిర్ణయిస్తే ఇక్కడ సముద్రపు పోటూ పాటూ నిర్ణయిస్తాయి. అమావాస్యకూ పున్నమికీ పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా తగ్గుతుంది. పాటు వేళ బయటపడిన బురద మీద, ఒక్క గిట్ట మాత్రం ఒంటికంటే పెద్దదిగా ఉన్న మగ పీతలు దాన్ని పైకీ కిందికీ ఊపుతుంటాయి, చేపలై ఉండి కూడా రెక్కల మీద పాకుతూ గెంతే బురదచేపలు కొట్లాడుకుంటాయి, కిందికి వంగిన పొడుగు ముక్కును మొదలంటా కలుగులో దూర్చి కర్లూలు ఆ పీతలను లాగుతాయి. పోటు ఎక్కాక ఈ పిట్టలన్నీ మునగని ఇసుక దిబ్బ మీద భుజం భుజం రాసుకుని నిలబడతాయి. అందుకే ఒడ్డు పిట్టలను లెక్కించేవారు పోటు వేళను ఎంచుకుంటారు. భారత ఉపఖండంలో 1987లో మొదలై, ఇప్పుడు ఆసియాలోని చాలా దేశాల్లో ఏటా జనవరిలో జరిగే నీటిపక్షుల గణనలో కాకినాడ తీరం, కోరింగ కూడా ఉంటాయి. పుష్య బహుళ అమావాస్య నాడు చొల్లంగిలో తీర్థానికి వచ్చి, అక్కడి నుంచి అంతర్వేది దాకా సప్తసాగర యాత్ర మొదలుపెట్టే జనం స్నానం చేసే నీళ్ళకు ఆనుకునే ఈ బురద మైదానాలున్నాయి. యాత్రకు వెళ్ళేవారు పంచాంగంతో పాటు ఒక దుర్భిణి కూడా సంచిలో వేసుకుంటే పుణ్యానికి లోటు రాదు.

ఈ తీరంలో చూడవలసిన పిట్టల్లో నా మనసులో మొదటిది ఇండియన్ స్కిమ్మర్. నారింజరంగు ముక్కులో కింది భాగం పైభాగం కంటే పొడుగు. ఆ కింది ముక్కును నీటిలో గీత గీస్తున్నట్టు దించి, నీటికి ఆనీ ఆనకుండా ఎగురుతుంది, చేప తగిలిన క్షణాన పైముక్కు మూసుకుంటుంది. చంబల్ వంటి ఉత్తరాది నదుల ఇసుకతిన్నెల మీద గుడ్లు పెట్టే ఈ పిట్ట ప్రపంచంలో అంతరించే ప్రమాదంలో ఉన్నవాటిలో ఒకటి. చలికాలంలో దాని గుంపులు చేరే ముఖ్యమైన చోట్లలో గోదావరి ముఖద్వారం ఉంది. కాకినాడ ముందు పొడుగ్గా పరుచుకున్న హోప్ ఐలాండ్ ఇసుక మీద జనవరి తర్వాత సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అదే ఇసుక స్కిమ్మర్లకు పగటి విడిది.

కోరింగ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. 235 చదరపు కిలోమీటర్లకు కాస్త పైబడిన ఆ అడవిలో చెక్క వంతెన మీద నడిస్తే మడ, తిల్ల చెట్ల మధ్య నల్లతల లకుముకి తప్పకుండా పలకరిస్తుంది. చేపలను వేటాడి తినే నీటిపిల్లి అక్కడ ఉందని చెట్లకు కట్టిన కెమెరాలు చూపించాయి. నడిచే మనిషికి మాత్రం అది బురదలో అడుగుగానే దొరుకుతుంది. దొరికిన అడుగు దానిదా, నక్కదా అని చూడడానికి గోళ్ళ గుర్తులు వెతకాలి. నక్క అడుగులో గోళ్ళు పడతాయి. పిల్లులు గోళ్ళు ముడుచుకుని నడుస్తాయంటారు గానీ, నీటిపిల్లి గోళ్ళు పూర్తిగా లోపలికి పోవు, అందువల్ల జారే బురదలో వాటి గుర్తు కూడా ఒక్కొక్కప్పుడు పడుతుంది. అప్పుడు అడుగు ఆకారాన్ని చూడాలి. నక్కది కోలగా ఉంటుంది, పిల్లిది గుండ్రంగా ఉంటుంది.

తిరుగుదారిలో ఊళ్ళోకి వస్తే సంక్రాంతి ముందరి అరుగుల మీద వరి కంకుల కుచ్చులు వేలాడుతుంటాయి. కొత్త కంకులను జడలా అల్లి గుమ్మం ముందూ, గుడి మండపంలోనూ కట్టడం గోదావరి జిల్లాల్లో పాత అలవాటు. పెంకుటిళ్ళ వాసాలు పోయి పిచ్చుకలకు గూడు పెట్టే సందు తగ్గినా, కుచ్చు కట్టిన ఇంటికి అవి వస్తున్నాయి. ఊరి చివర రావిచెట్టుకు తలకిందులుగా వేలాడే పెద్ద గబ్బిలాలు మధ్యాహ్నం ఎండలో రెక్కలతో విసురుకుంటూ కీచులాడుకోవడం కూడా చూడదగిందే.

ఇక చెరువుల సంగతి. కాట్రేనికోన వైపు చాలా చోట్ల వరి పోయి రొయ్యల చెరువులు, చేపల చెరువులు వచ్చాయి. వాటి మీద నాకు అభిప్రాయం ఉంది. రైతుకు వరిలో మిగలనిది రొయ్యలో మిగిలితే ఆయన్ను తప్పుపట్టే హక్కు గట్టు మీద నడిచే నాకు లేదు. కానీ లోతు లెక్కలో చూస్తే చెరువు ఒకే ఒక్క లోతు ఉన్న నేల. మనిషి లోతు నీళ్ళు, నిటారు గట్లు. ఉల్లంకికీ ప్లవర్‌కూ అక్కడ కాలు పెట్టే చోటు లేదు. నీటికాకులకు మాత్రం పండగ. అందువల్లే కొంతమంది వలలు పరిచి, తీగలకు మెరిసే రిబ్బన్లు కట్టి, టపాకాయలు పేల్చి పిట్టలను తోలుతారు. వలల్లో చిక్కుకుని చచ్చినవాటిని చూడడం ఈ నడకలో తప్పని చేదు.

చెరువులు అన్ని పిట్టలనూ పోగొట్టాయనడం కూడా సరికాదు. పశ్చిమ గోదావరిలో ఆరేడు అనే ఊళ్ళో గూడబాతులు గూళ్ళు పెట్టేవని కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో 1949లో రాశాడు. ఆ గూళ్ళు తర్వాత లేకుండా పోయాయి. ఈనాడు ఆటపాకలో మనిషి నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు పిల్లలను లేపుతున్నాయి, చుట్టుపక్కల చేపల చెరువుల్లో మేస్తున్నాయి. పెద్ద ముక్కు, పెద్ద సంచి ఉన్నదానికి దారి దొరికింది. వేలెడు నీళ్ళ పిట్టకు దొరకలేదు.

ఒక్క మినహాయింపు ఉంది. పట్టుబడి అయ్యాక, అంటే పెంచిన రొయ్యనో చేపనో పట్టేశాక, చెరువును ఎండగడతారు. నీరు దిగిపోతున్న ఆ రెండు మూడు రోజుల్లో చెరువు అడుగు ముందు జానెడు, తర్వాత వేలెడు, ఆపైన తడిమట్టి అవుతూ లోతులన్నీ వరసగా చూపిస్తుంది. మొదటి రోజు కొంగలూ గూడబాతులూ, రెండో రోజు పొడుగుకాళ్ళ ఉల్లంకులూ పొడుగు ముక్కు గాడ్విట్‌లూ, మూడో రోజు ప్లవర్లు వస్తాయి. మాఘం వచ్చేసరికి దాళ్వా నాట్లు ముగిసి, చేను దుబ్బు కట్టి, నీరు ఆకుల చాటుకు పోతుంది గనక, ఆ తర్వాత ఉల్లంకి జాతిని ఊళ్ళ పక్కన చూడగలిగే చోట్లు ఈ ఎండగట్టిన చెరువులే. ఏ చెరువు ఎప్పుడు ఎండగడతారో కావలివాళ్ళకు ముందే తెలుస్తుంది. గట్టు మీది పాక దగ్గర ఆగి, టీ తాగుతూ ఆ తేదీ అడిగితే విసుక్కోకుండా చెబుతారు. రబ్బరు బూట్లు తీసుకెళ్ళాలి, రొయ్యల చెరువు బురదలో చెప్పులు నిలవవు.